అరువు చిరునామా

పుంతా అరేనాస్‌లో గాలి లేచిందంటే
వీధి మలుపుల్లో కట్టిన తాడు పట్టుకుని నడవాలి.
పదిహేడేళ్లుగా పట్టుకుంటున్నాను.
భయమంటే గాలే అనుకున్నాను
ఆ రాత్రి దాకా.

ఆటలో నా పేరు ముసలి పెంగ్విన్.
ఆడో మగో ఎవరికీ తెలీదు,
మైకు తెరవను.
ఆ రాత్రి మాత్రం గెలుపు ఊపులో
ఒక్క నవ్వు జారింది.
అప్పటికి మూడుసార్లు నా చేతిలో చచ్చినవాడు
చాట్‌లో కొన్ని అంకెలు పెట్టాడు.
నాలుగు ముక్కలు, మధ్యన మూడు చుక్కలు.
దాని కింద,
"మీ ఊళ్లో గాలెలా ఉంది, పిల్లా?"

లేచి కిటికీ తెర వేశాను.
అంకెలకి కిటికీతో పనిలేదని
తెలిసే వేశాను.

మర్నాడు ఆట మధ్యలో నెట్ చచ్చిపోయింది.
ఆ మర్నాడూ అంతే.
మోడెం నెత్తిన ఎర్రదీపం,
వంటింట్లోంచి మేనత్త ఎదెల్మీరా కేకలు:
సగం అల్లిన స్వెట్టర్ కొలత చెబుతూ చెబుతూ
ఓ బేరం మాయమైపోయిందని.
గాలి మీద నెట్టేశాను.
ఇక్కడ దేన్నయినా గాలి మీద నెట్టొచ్చు.

లిసాండ్రో అన్నాడు, "వీపీఎన్ వేసుకో, మిల్లరాయ్.
ఫ్రీవి బోలెడున్నాయి."
నీలం డాలు బొమ్మ. ఒకే ఒక్క మీట.
షరతులు నలభై పేజీలు,
చివరికి జారి "సరే" అన్నాను.
డాలు పచ్చబడింది.
*మీరిప్పుడు రోటర్‌డామ్‌లో ఉన్నారు.*

ఉన్నాను కాబోలు.
డచ్చి భాషలో గొడుగుల ప్రకటనలొచ్చాయి.
మా ఊళ్లో గొడుగు తెరిచినవాడిది
మతిమరుపైనా కావాలి, పొగరైనా కావాలి.
ప్రతి పేజీ గుమ్మంలోనూ నిలదీశారు:
నువ్వు మనిషివేనా?
ట్రాఫిక్ లైట్లున్న గడులు చూపించు.
చూపించాను. మళ్లీ చూపించమన్నారు.

నా తూటా ఇప్పుడు మహాసముద్రం దాటి వెళ్లి
దాటి రావాలి.
మలుపు తిరిగేసరికే
నేను చచ్చి అరసెకను అయి ఉండేది.
ఆ సంగతి నాకింకా చేరక
పరిగెడుతూనే ఉండేదాన్ని.
అయినా రెండు వారాలు హాయిగా నిద్రపోయాను.

అప్పుడొచ్చింది ఇంటర్నెట్ కంపెనీ ఉత్తరం, అమ్మ పేరున.
అమ్మ జలసంధి ఫెర్రీలో టికెట్లు చింపుతుంది,
పాస్‌వర్డంటే ఫ్రిజ్ తలుపు మీద అంటించుకునేది ఆమెకి.
మీ కనెక్షన్ నుంచి
ఎవరివో ఖాతాల తలుపులు
ఒక్క రాత్రిలో నాలుగు వేలసార్లు తట్టారట.

అప్పుడు చదివాను ఆ నలభై పేజీలు.
ముప్పై ఒకటో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో:
నేను ఎవరి గుమ్మంలోంచో బయటికెళ్తుంటే
ఎవరో మా గుమ్మంలోంచి వెళ్తుంటారు.
అదీ ధర.
ముసుగు కోసమని వెళ్లి
మొహం అద్దెకిచ్చి వచ్చాను.

మా చిరునామా తొడుక్కున్నవాడెవడో,
వాడికేం ప్రకటనలొచ్చాయో.
ఉన్ని మేజోళ్లా? పడవ టికెట్లా?
నవ్వొచ్చింది కాసేపు.
తర్వాత ఇంకోటి తట్టింది, నవ్వు పోయింది.

ఆ రెండు వారాలూ
నా పగవాడు ఊరుకుని ఉండడు కదా.
వాడికి కనబడ్డ అంకెల మీదే రాళ్లేసి ఉంటాడు.
రోటర్‌డామ్‌లో ఎవరింట్లోనో
నా బదులు ఎర్రదీపం వెలిగి ఉంటుంది.
అక్కడా ఎవరో ఒకామె
మాట మధ్యలో తెగిపోయి
హలో, హలో అని ఉంటుంది.
ఆమెకు దేని మీద నెట్టేయాలో తెలిసిందో లేదో.

డాలు తీసేశాను. అమ్మకి చెప్పాను,
నవ్వు జారిన సంగతి దగ్గర్నుంచీ.
అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
"నవ్వినందుకా?" అంది చివరికి.

కంపెనీవాళ్లకి ఫోన్ చేస్తే
రాత్రంతా మోడెం పీకి ఉంచమన్నారు,
తెల్లారేసరికి కొత్త అంకెలొస్తాయని.
ఆ రాత్రి ఇంట్లో గాలి ఒక్కటే ఆన్‌లైన్.
అత్త చేతిలో సూదులు
టిక్కు టిక్కుమంటూ ఓ చెయ్యి పూర్తి చేశాయి.

పొద్దున వచ్చాయి.
నాలుగు ముక్కలు, మూడు చుక్కలు,
ఇంకా ఎవరికీ తెలియని మా ఇల్లు.

నిన్నటిదాకా ఇవి ఎవరివో.
వాళ్ల కోసం ఎవరు తిరుగుతున్నారో.

ముసలి పెంగ్విన్ ఆటలోకి వెళ్లింది.
మైకు బొమ్మ మీద
వేలు పెట్టి
కాసేపు ఉంచాను.